మంచు పడితేనే దారి ఉన్న ఊరు

రొజేర్ తివియెర్జ్ ఏ ఊరు మంచిదో, ఏ ఊరు కాదో రెండే విషయాలు చూసి తేల్చేవాడు: అక్కడి సూపు, అక్కడి పొయ్యి. సూపు నాలుక కాలేంత వేడిగా ఉండాలి. పొయ్యి దగ్గర ఆరేసిన మేజోళ్ళు భోజనం ముగిసేలోగా ఆరాలి. పరుపులు ఎలా ఉన్నాయి, వేడినీళ్ళ తొట్టి ఉందా, పాటలు పెడతారా, ఇవేవీ ఆయనకు పట్టవు. "మేజోళ్ళు ఆరని చోటికి రెండోసారి ఎవడొస్తాడు?" అని అడిగేవాడు. 

మా బెల్‌రోష్‌లో మంచుబండ్ల క్లబ్బు ఒకటుంది. ముందు జారడానికి రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో ముక్కు కారుతున్న మనిషి, అదీ మంచుబండంటే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మావాళ్ళకు కాళ్ళున్న సంగతే గుర్తుండదు. రొట్టె కొనుక్కోవడానికి కూడా దానిమీదే వస్తారు. ఏటా ఫిబ్రవరిలో క్లబ్బంతా కలిసి యాత్రకు బయల్దేరుతుంది. ఒకసారి వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళడం మా మగాళ్ళకు నామోషీ. "బండి కింద మంచు ఎక్కడైనా తెల్లగానే ఉంటుంది కదయ్యా" అని నేనంటే, బైబిలు చింపినదాన్ని చూసినట్టు చూస్తారు. కాబట్టి ప్రతి ఏడూ కొత్త చోటు కావాలి. ఆ కొత్త చోటును వెతికిపెట్టే పని రొజేర్‌ది.

నా పేరు లిజెట్. దారి పక్కన చిన్న భోజనాల కొట్టు నాది. మంచుబండ్లు ఆగేది నా దగ్గరే, క్లబ్బు మీటింగులు జరిగేది నా దగ్గరే, మీటింగు అయ్యాక తగాదా పడేదీ నా దగ్గరే. అందుకే వీళ్ళ గురించి మాట్లాడే హక్కు నాకు వీళ్ళ భార్యలకంటే ఎక్కువుంది.

రొజేర్ ఉద్యోగమంతా రోడ్ల మీద మంచు తోసే లారీ నడపడంలోనే గడిచింది. అన్నేళ్ళు మంచును తిట్టుకుంటూ పక్కకు తోసి, రిటైరయ్యాక దాన్నే వెతుక్కుంటూ అడవిలో పడ్డాడు. భార్య అద్రియెన్ పోయాక కొన్నాళ్ళు ఆ ఇంట్లో మాట వినబడలేదు. తర్వాత ఆయన అక్క బ్లాందీన్, ఆవిడా మొగుణ్ణి పోగొట్టుకుని, వచ్చి చేరింది. ఇల్లు మళ్ళీ కళకళలాడింది, అంటే తిట్లు వినబడ్డాయి. రొజేర్‌ను కని వాళ్ళమ్మ కన్నుమూస్తే, ఒళ్ళో వేసుకుని పెంచింది ఈవిడే. డెబ్బై దగ్గర పడుతున్న మనిషిని ఇప్పటికీ గుమ్మంలో ఆపి "టోపీ పెట్టుకున్నావట్రా?" అని అడుగుతుంది. ఆయన తలమీదున్న టోపీ తీసి, చూపించి, మళ్ళీ పెట్టుకుని బయటకు నడుస్తాడు.

దారి వెతకడమంటే కుర్చీలో కూర్చుని మ్యాపు మీద వేలు పెట్టడం కాదు. అక్టోబరులో ఆకులన్నీ రాలిపోయి అడవి లోపలిదాకా కనబడే రోజుల్లో గొడ్డలి భుజాన వేసుకుని కాలినడకన వెళ్ళేవాడు. చెట్లకు నారింజరంగు రిబ్బన్లు కట్టుకుంటూ పోయేవాడు. ఎక్కడ వాగుంది, ఎక్కడ బీవర్లు చెట్లు కొరికి నీళ్ళకు కట్ట కట్టాయి, ఎక్కడ ఎవరి పొలం అడ్డొస్తుంది, ఆ పొలం ఆసామికి కోపం ఎక్కువా తక్కువా, అన్నీ చూసుకునేవాడు. ఆసామి ఇంటికి వెళ్ళినా వెళ్ళగానే సంగతి ఎత్తేవాడు కాదు. వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, మోకాళ్ళ నొప్పుల గురించి, దుప్పుల వేట గురించి మాట్లాడి, లేచి, తలుపు బార్లా తీసి, గుమ్మంలో నిలబడి అప్పుడు అడిగేవాడు: "ఈ చలికాలం మీ చేను అంచున మా బండ్లు పోవచ్చా?" కూర్చున్నప్పుడు అడిగితే ఆలోచిస్తారట. గుమ్మంలో అడిగితే చలిగాలి లోపలికొస్తుందని వెంటనే సరే అనేస్తారట. ఈ కిటుకు నాకు చెప్పి, నా కొట్టు గుమ్మంలోనే నాతో కూడా ఏదో ఒకటి ఒప్పించుకు పోయేవాడు.

ఆయన వెతికిన చోట్లన్నీ గొప్పవని నేననను. ఒక ఏడు కన్యస్త్రీల మఠానికి తీసుకెళ్ళాడు. సూపు బాగుందట, పొయ్యి ఇంకా బాగుందట. బీరు లేదన్న సంగతి మాత్రం చెప్పడం మరిచాడు. మా పోతుగాళ్ళంతా చేతులు కట్టుకుని సిస్టర్ల ఎదురుగా బెంచీల మీద కూర్చుని, బఠాణీల సూపు జుర్రుకోకుండా తాగుతూ, ఉన్నన్నాళ్ళూ ఒక్క బూతు మాట నోట రాకుండా గడిపారు. తిరుగు ప్రయాణంలో మా ప్రెసిడెంటు క్లెమాన్ మొదటి మలుపు దాటగానే బండి ఆపి, హెల్మెట్ తీసి, లోపల దాచుకున్న తిట్లన్నీ అడవిలో ఒకేసారి కక్కేశాడు. ఇప్పటికీ నలుగురు కూర్చుంటే ఆ యాత్ర గురించే చెప్పుకుంటారు.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. సెంత్-ఒదీల్ వెళ్ళిన ఏడు సంగతి.

ఆ శరదృతువులో ఒక మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని సమయంలో వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. బల్ల దగ్గర కూర్చుని చేతులు రుద్దుకున్నాడు.

"ఈ ఏడు సెంత్-ఒదీల్ పోదాం," అన్నాడు.

"అలాంటి ఊరు లేదు."

"ఉండేది."

"ఉండేదానికి ఎవరు వండి పెడతారు నాయనా?"

"నువ్వు. పెద్ద కుండ తీసుకురా."

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే ఆయన నవ్వడం లేదు. సూపు తెచ్చి ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

సెంత్-ఒదీల్ వాళ్ళ సొంత ఊరు. అడవి కొట్టి పొలాలు చేసుకోమని ప్రభుత్వం జనాన్ని ఉత్తరానికి తోలిన రోజుల్లో పుట్టిన ఊరు. బ్లాందీన్ అక్కడే పెళ్ళాడింది, అక్కడే మొదటి కొడుకును కన్నది. ఎమిలియెన్ అని పేరు. మూడో ఏడు నిండకుండానే ఒక జనవరిలో గొంతువాపు జ్వరంతో పోయాడు. మావైపు జనవరిలో నేల ఇనుములా ఉంటుంది, గొయ్యి తవ్వడం ఎవరివల్లా కాదు. చలికాలంలో పోయినవాళ్ళను గుడి పక్కన చిన్న గదిలో పెట్టి తాళం వేస్తారు. మే నెలలో నేల కరిగాక అందరినీ ఒకేసారి పూడుస్తారు. ఆ మే నెల వచ్చేసరికి బ్లాందీన్ అక్కడ లేదు. మొగుడికి గనిలో పని దొరికి పట్నం వెళ్ళిపోయారు. ఆవిడ నెలలు నిండి మంచం మీద ఉంది. పిల్లాడికి గొయ్యి తవ్వింది రొజేర్. అప్పటికింకా మీసం సరిగా రాలేదు ఆయనకు. అక్క వేసవిలో వస్తానని కబురు పంపింది. ఆ వేసవిలోనే అడవి అంటుకుంది. ఊరు, గుడి, నది మీది చెక్క వంతెన అన్నీ కాలిపోయాయి. మనుషులు ప్రాణాలతో బయటపడి తలో దిక్కూ పోయారు. ఊరు మళ్ళీ లేవలేదు. దారి మీద అడవి మొలిచింది. చుట్టూ ఊబి. వేసవిలో అటు పోవాలంటే నడుం లోతు బురదలో దిగాలి.

"వాడికి మట్టి కప్పినప్పుడు అక్క లేదు లిజెట్. వాడున్న చోట ఒక్కసారి నిలబడాలంటోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. మొన్న డాక్టరు గుండె చూసి వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆ సాయంత్రం అంది."

ఆవిడకు ఎనభై దాటింది.  ముక్కు చీదుకుని, "మరి క్లబ్బువాళ్ళకు ఈ మాటే చెప్పు, ఎగేసుకుని వస్తారు," అన్నాను.

"చెప్పను. నువ్వూ చెప్పకు. జాలిపడి వచ్చేవాడు దారి కష్టంగా ఉంటే సగంలో తిరిగిపోతాడు. సరదాకి వచ్చేవాడు చివరిదాకా వస్తాడు."

ఒంటరిగా తీసుకుపోలేడు. గుర్తులు లేని అడవి. లోతు మంచులో ముందు పది బండ్లు తొక్కుకుంటూ పోతే తప్ప వెనక ఒక ముసలావిడను కూర్చోబెట్టి లాగే పెట్టె సాఫీగా రాదు. పెట్రోలు డబ్బాలు మోయడానికి కూడా నలుగురు కావాలి. సరేనని మాటిచ్చాను. మాటివ్వడం నాకు తేలికే, నోరు మూసుకోవడమే కష్టం.

మీటింగు రోజు మా ప్రెసిడెంటు క్లెమాన్ బెదార్ రంగు బొమ్మల కాగితాలు తెచ్చాడు. ఆయనకు టైర్ల కొట్టుంది, ఇల్లు కూలిపోయేంత గొంతుంది. దక్షిణాన కొత్తగా కట్టిన హోటలట. ఆరుబయట మంచులో వేడినీళ్ళ తొట్టి, అందులో కూర్చుని బీరు తాగొచ్చట. అందరూ ఆ బొమ్మల మీదికి వంగిపోయారు. రొజేర్ ఒక మూల నిలబడి సెంత్-ఒదీల్ పేరు చెప్పాడు.

"ఏముందక్కడ?" అన్నాడు క్లెమాన్.

"ఏమీ లేదు."

"పెట్రోలు?"

"లేదు."

"బీరు?"

"పట్టుకెళ్తే ఉంటుంది."

"మనుషులైనా ఉన్నారా ముసలాడా, లేక దుప్పులతో పేకాడి రావాలా?"

అందరూ పగలబడి నవ్వారు. రొజేర్ కూడా నవ్వాడు, కాని చేతిలో టోపీని నలిపేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒట్టు గుర్తొచ్చి మింగుకున్నాను. పక్క బల్ల తుడుస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అన్నాను: "విచిత్రం, మొన్న వాల్‌పెర్ద్రీ క్లబ్బు అతను కూడా నా కొట్లో ఈ ఊరి పేరే అన్నాడు."

నవ్వులు ఆగిపోయాయి. వాల్‌పెర్ద్రీ మా పక్క ఊరు. వాళ్ళకూ మాకూ హాకీ దగ్గర మొదలైన పడనితనం చర్చి గంట సైజు దాకా పోయింది. నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆ మనిషి నిజంగానే ఆ పేరు అన్నాడు. 'సెంత్-ఒదీల్ ఎప్పుడైనా చూశావా' అని నేనడిగితే, 'సెంత్-ఒదీలా? ఎక్కడుందది?' అన్నాడు.

"వాళ్ళు పోతున్నారా?" అన్నాడు క్లెమాన్, గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు? నేను సూపు పోసేదాన్ని."

"ఇంతవరకు ఎవరి పట్టా పడలేదక్కడ," అన్నాడు రొజేర్ మూలనుంచి. "మొదట పడేది ఎవరిదో వాళ్ళదే."

క్లెమాన్ ఆ రంగు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చేతులెత్తమన్నప్పుడు అందరికంటే ముందు లేచింది ఆయన చెయ్యే.

ఆ తర్వాత డిసెంబరంతా రొజేర్ నా కొట్టు ముందునుంచి రోజూ బండి మీద ఊబి వైపు పోయేవాడు, ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చేవాడు. ఏం చేస్తున్నావంటే తొక్కుతున్నానన్నాడు. ఊబి మీద మంచు దుప్పటిలా పరుచుకుంటే కింద బురద వెచ్చగా పడుకుని గడ్డకట్టదట. ఆ మంచును బండితో అదే దారిన మళ్ళీ మళ్ళీ తొక్కితే దుప్పటి పలచబడి చలి లోపలికి దిగుతుంది, బురద రాయవుతుంది. దారి మొత్తం అలా చలికి అప్పజెప్పాడు ఆయన, ఒక్కడే, తన పాత బండితో. ఆ బండికి మీట నొక్కితే స్టార్టయ్యే సుఖం లేదు. తాడు లాగాలి. క్లెమాన్ దాన్ని మ్యూజియానికి ఇచ్చెయ్యమని పోరుతుంటాడు.

దారిని ఊబి దాటించాడు గాని, చివర నది మిగిలింది. అక్టోబరులో నడిచి వెళ్ళినప్పుడే నీళ్ళు అడ్డం తగిలి, ఒడ్డున నిలబడి అవతలి అడవిని చూసి వెనక్కొచ్చాడు. ఊరుండేది ఆ అవతలే. జనవరిలో నది గట్టిపడ్డాక గొడ్డలితో అక్కడక్కడా కొట్టి, నీరు నెమ్మదిగా పారే వెడల్పు చోటు ఒకటి పట్టుకున్నాడు. పెట్రోలు చాలక అవతలికి మాత్రం పోలేదు. "అవతల ఎలా ఉందో చూడకుండా తీసుకుపోతున్నావే," అన్నాను. "అక్కడ నేను పుట్టాను," అన్నాడు, అదేదో సమాధానమైనట్టు.

యాత్ర రోజు తెల్లారేసరికి పది పన్నెండు బండ్లు నా కొట్టు ముందు పొగలు కక్కుతున్నాయి. అక్కకు సొంతూరు చూపిస్తానని మాత్రం అందరికీ చెప్పి, బ్లాందీన్ గారి కోసం రొజేర్ చెక్కతో పెట్టె కట్టాడు. కింద స్కీలు, ముందు చిన్న అద్దాల కిటికీ, లోపల గొర్రెతోలు. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఒరేయ్, మూత కూడా చేయించావా?"

"చలిగాలి కొడుతుందక్కా."

"నన్ను ఇందులో పెట్టి తీసుకెళ్ళడానికి ఇంకా టైముంది కదరా. ఇప్పటినుంచే అలవాటు చేస్తున్నావా?"

క్లెమాన్ ఘొల్లున నవ్వాడు. "మీ సొంతూరు చూద్దామని సరదా పుట్టిందా బ్లాందీన్ గారూ?"

"అవును బాబూ," అందావిడ. "సరదాయే."

నేను అటు తిరిగి కుండ కట్టిన తాడు సరిచూసుకున్నాను.

దారి బాగా వచ్చింది. రొజేర్ తొక్కిన ఊబి రోడ్డులా ఉంది. మావాళ్ళు పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తారు. మధ్యాహ్నం ఒక బోడి గట్టు మీద ఆగి సూపు తాగాం. రొజేర్ పెట్టె మూత ఎత్తి, అక్క చేతి తొడుగు విప్పి, వేళ్ళు తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. ఆవిడ మాత్రం ముందున్న దారినే చూస్తోంది.  భయపడుతోందని నాకు అర్థమైంది. ఇంతదూరం వచ్చాక అక్కడ ఏమీ లేకపోతే? అదే భయం నాకూ ఉంది.

నది దగ్గర రొజేర్ ముందు తనొక్కడే నడిచి వెళ్ళి గొడ్డలితో తట్టుకుంటూ అవతలి ఒడ్డెక్కి, తిరిగొచ్చి, పొమ్మని చెయ్యూపాడు. ఆ చెయ్యి కిందికి దిగేలోగా క్లెమాన్ బండి దూకింది. మొదటి పట్టా తనదే కావాలి కదా. వెనకే మిగతావాళ్ళు, వాళ్ళ వెనక నేను. రొజేర్ పెట్టె కట్టుకుని నిదానంగా వస్తున్నాడు.

అవతల అంతా కుర్ర అడవి. కాలిపోయాక మొలిచిన సన్నటి చెట్లు గుబురుగా ఉన్నాయి. ఒక ఇల్లూ లేదు, గోడా లేదు. కొంత దూరం పోయాక ఎత్తుగా, బట్టబయలుగా ఒక దిబ్బ కనబడింది. అక్కడక్కడా నాలుగు పైన్ చెట్లు తప్ప ఏమీ లేదు. గాలికి మంచు గట్టిపడి చదునుగా ఉంది. "ఇదే! దీన్ని మించిన చోటు లేదు!" అని క్లెమాన్ అరిచాడు. బండ్లన్నీ అక్కడ వరసగా, సంతలో పెట్టినట్టు నిలబెట్టారు. ఇంజన్లు ఆపారు. బీరు డబ్బాలు బయటికొచ్చాయి. వాల్‌పెర్ద్రీ వాళ్ళకు చూపించడానికి ఫోటో తీసుకున్నారు. క్లెమాన్ నెగడు వేయడానికి పార తీసి మంచు తవ్వడం మొదలుపెట్టాడు.

పార ఖంగుమంది.

మంచు చేత్తో తోశాడు. నల్లటి ఇనుము. ఇంకాస్త తోశాడు. అడ్డంగా రెండు చేతులు బయటపడ్డాయి. నేలలో సగం కూరుకుపోయిన పెద్ద శిలువ పైభాగం. మావాళ్ళకు కోపం వచ్చినా, ఆశ్చర్యం వచ్చినా గుడి సామాన్ల పేర్లే బూతులై నోటికొస్తాయి. "తబర్నాక్!" అన్నాడు క్లెమాన్, అని వెంటనే చేతి తొడుగుతో నోరు మూసుకున్నాడు.

అప్పుడే రొజేర్ బండి దిబ్బ కిందికి వచ్చి ఆగింది. ఆయన దిగి, పైనున్న బండ్ల వరసను చూశాడు, శిలువను చూశాడు. ఆ ముఖం నేను మరిచిపోలేను. కోపం లేదు. దెబ్బ తగిలిన మనిషి ముఖంలా ఉంది.

"క్లెమాన్," అన్నాడు. "బండ్లు స్మశానంలో పెట్టారు."

క్లెమాన్ చేతిలోని పార కింద పెట్టాడు.

"గుడి వాళ్ళు ఈ దిబ్బనే ఎంచుకున్నారు, ఇసుక కదా, తవ్వడం తేలిక. అందుకే చెట్లు కూడా సరిగా మొలవలేదు. నాకు తట్టి ఉండాలి. నదిని గురించే ఆలోచించి ఇది మర్చిపోయాను." రొజేర్ ఊపిరి తీసుకున్నాడు. "మా అక్క కొడుకు ఇక్కడున్నాడు. వాడి కోసమే తీసుకొచ్చాను మిమ్మల్ని."

క్లెమాన్ పెట్టె వైపు చూశాడు. కిటికీ వెనక ముసలావిడ ముఖం ఉంది. "ముందే చెప్పొచ్చు కదయ్యా," అన్నాడు. ఆ మనిషికి అంత చిన్న గొంతుందని నాకు తెలియదు.

ఒకతను కంగారుగా తన బండెక్కి తాళం మీద చెయ్యి వేశాడు. "వద్దు!" అన్నాడు క్లెమాన్. "స్టార్టు చేయకు. వాళ్ళ తలల మీద మోత పెట్టకు. దిగు."

ఆయన హెల్మెట్ తీసి మంచులో పెట్టాడు. తన బండి వెనక నిలబడి, వంగి, భుజం ఆనించి తోయడం మొదలుపెట్టాడు. మంచుబండి తోపుడుబండి కాదు. ఇద్దరు ముగ్గురు మగాళ్ళు తోసినా అడుగు కదలనంటుంది. ఒక్కొక్కరే హెల్మెట్లు తీసి వచ్చారు. బీరు డబ్బాలు ఎక్కడ మాయమయ్యాయో తెలియదు. గట్టి పొర విరిగి తొడల దాకా కూరుకుపోతూ, ఒకరి బండి ఒకరు పట్టుకుని తోశారు. నేనూ తోశాను. రొప్పడం, మంచు కరకరలాడడం తప్ప చప్పుడు లేదు. గడ్డాల మీద ఊపిరి గడ్డకట్టింది. చివరి బండి దిబ్బ కిందికి దిగేసరికి పొద్దు వాలుతోంది. క్లెమాన్ మంచులో కూలబడి, జుట్టుకు పట్టిన మంచు దులుపుకోవడం కూడా మరిచి కూర్చున్నాడు. నేను వాళ్ళనెన్ని మాటలన్నానో, ఇకముందు ఎన్ని అంటానో నాకు తెలుసు గాని, ఆ పూట మాత్రం వాళ్ళను చూసి గర్వపడ్డాను.

ఈలోగా రొజేర్ శిలువ దగ్గర నిలబడి చుట్టూ చూస్తున్నాడు. శిలువ స్మశానం నడిమధ్యన ఉండేదట. పిల్లల వరస నది వైపు. గొయ్యి తవ్వేటప్పుడు తలెత్తితే నది మలుపు కనబడేదని చెప్పాడు. అటు నడిచాడు, కొంచెం పక్కకు జరిగాడు, నదిని చూశాడు, ఆగాడు. మంచు మీద నడిచే చెప్పులు కట్టుకుని ఆ చోటంతా తొక్కి గట్టిచేశాడు. అక్కడినుంచి పెట్టె దాకా బాట తొక్కాడు.

బ్లాందీన్ గారు దిగింది. ఒక చెయ్యి తమ్ముడు పట్టుకున్నాడు. రెండో చెయ్యి క్లెమాన్ వచ్చి, అడక్కుండానే పట్టుకున్నాడు.

"ఇక్కడక్కా," అన్నాడు రొజేర్.

ఆవిడ కింద తెల్లటి మంచును చూసింది.

"తవ్వమంటావా? మట్టిదాకా తవ్వుతాం."

"వద్దు. చాలు. నువ్వు కప్పావు కదా, బాగానే కప్పి ఉంటావు."

 ఆవిడ ఏడవలేదు. మేమంతా దిబ్బ అంచున తలలు వంచుకుని, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా కదలకుండా నిలబడ్డాం. చివరికి ఆవిడే తలతిప్పి మావైపు చూసింది.

"మీ బండ్లు స్టార్టు చేయండి," అంది.

సరిగా విన్నామో లేదో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. చలికి ఉండలేక వెళ్ళిపోదామంటోందనుకుని రొజేర్ పెట్టె వైపు కదిలాడు. ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు.

"ఆ రాత్రి డాక్టరు మంచుబస్సులో రావాలి, మీ బండ్లలాగే స్కీలు, పట్టా, ఇదే మోత. వీడికి ఊపిరాడడం లేదు. బస్సు చప్పుడు వినబడిందంటే డాక్టరొచ్చినట్టేరా, నీకు తగ్గిపోతుందిరా అని నేనే చెప్పాను. ఇంక ఏడవలేదు. తెల్లారేదాకా కిటికీ వైపు చెవి పెట్టుకుని విన్నాడు. తుఫాను, బస్సు రాలేదు." క్లెమాన్ వైపు తిరిగింది. "మర్యాద కోసం చప్పుడు చేయకుండా తోశారు. మంచివాళ్ళు మీరు. వాడు ఎదురుచూసింది మర్యాద కోసం కాదు బాబూ. చేయండి. అన్నీ."

మొదట కదిలింది రొజేర్. దిబ్బ దిగి తన పాత బండి తాడు లాగాడు. అది ఎప్పటిలాగే మొరాయించింది, ఎవరూ నవ్వలేదు. మళ్ళీ లాగాడు. అది అందుకుంది. దాని వెనక క్లెమాన్‌ది, ఆ పక్కది, ఆ పక్కది. వరసంతా అందుకుంది. దిబ్బ కింద నేల అదిరింది, పైన్ చెట్ల మీది మంచు రాలింది. క్లెమాన్ కళ్ళు తుడుచుకోకుండా యాక్సిలరేటరు నొక్కిపట్టుకున్నాడు.

బ్లాందీన్ గారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. "వచ్చింది నాన్నా," అంది. ఆ మోతలో మాట వినబడలేదు గాని పెదాలు కదలడం చూశాను. ఆవిడ చెయ్యెత్తి చాలనేదాకా ఎవరూ ఇంజను ఆపలేదు.